బిగించడం ఆరో పాఠంలో

జూన్ 14, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. నువ్వూ, చెల్లెమ్మా, పాపా చల్లగా ఉన్నారని తలుస్తాను. పెద్దవాణ్ణి గనక దీవెనతో మొదలుపెట్టాను. మర్యాద ఇక్కడితో సరి. ఇక మిగిలినవన్నీ తిట్లే, తీరిగ్గా కూర్చుని చదువు. ఫోనులో తిట్టడం నావల్ల కాదు.

అసలు నీకు బుద్ధుందా? మూడు పాఠాలు వీడియో తీసి పది పాఠాల కోర్సు ఎలా అమ్మావురా? అదీ ముక్కూ మొహం తెలియనివాళ్ళకా? ఇరవై ఆరేళ్ళుగా నేను కుట్టుమిషన్లు బాగుచేసి పెడుతున్న ఇళ్ళవాళ్ళకి! నా రిపేరు పుస్తకంలోని నంబర్లన్నీ ఎక్కించుకుని ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టావు. మీ మిషన్‌కు మీరే మెకానిక్ అట. ముందుగా చేరితే సగం ధరేనట. పైన నా ఫొటో ఒకటి, నవ్వుతూ. ఎప్పుడు నవ్వానో నాకే గుర్తులేదు.

మా వరండాలో కూర్చుని నువ్వేమన్నావో గుర్తుందా? ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారని, సరుకు తయారయ్యాక కొనేవాళ్ళని వెతుక్కోవడం పాత పద్ధతని, ముందు అమ్మేస్తే మనకే తొందర పుట్టి పని పూర్తవుతుందని అన్నావు. పైగా పాతవాళ్ళయితే ఇట్టే నమ్ముతారు బావా అన్నావు. నమ్మారు. నా ఏడుపంతా అదే. అరవై రెండు మంది ఒక్క ప్రశ్న వేయకుండా చేరిపోయారు. వాళ్ళంతా నిన్ను చూసి చేరారనుకుంటున్నావా?

మొన్న ఏం జరిగిందో చెబుతాను విను. యూనిఫాంలు కుట్టే పిన్నిగారు తెలుసుగా, బస్టాండు వెనక రెండు గదుల ఇల్లు. బడులు తెరిచే రోజులు. ఆవిడ చేతిలో నలభై జతల పని ఉంది. మిషన్ కుట్టు వదిలేస్తోంది. మామూలుగా అయితే నాకు కబురుపెట్టేది. ఈసారి కోర్సు కొంది కదా, మూడో పాఠం ఎదురుగా పెట్టుకుని, నేను చూపినట్టే స్క్రూలు వరసగా విప్పి, కింది దారం తిప్పే షటిల్ ఊడదీసి, లోపలి సామానంతా స్టీలు పళ్ళెంలో పేర్చింది. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా ఒక్కోదాని కిందా అంకె వేసిన కాగితం ముక్క పెట్టింది. తరవాత నాలుగో పాఠం నొక్కింది. త్వరలో అని వచ్చింది. ఐదు నొక్కింది. త్వరలో. ఆరు, బిగించడం. అదీ త్వరలోనే.

రెండు రోజులు ఎదురుచూసిందటరా! మాస్టారు ఇంత ఓపిగ్గా నేర్పుతుంటే నేనామాత్రం ఆగలేనా అనుకుందట. నన్ను పిలిస్తే నేను చిన్నబుచ్చుకుంటానని భయపడిందట. మూడో రోజు వాళ్ళమ్మాయి వచ్చి చెబితే మీ అక్కా నేనూ పరిగెత్తాం. బల్ల మీద గుల్లయిపోయిన మిషన్, దాని పక్కన పళ్ళెం. మంచం నిండా, కుర్చీల నిండా చేతులు కుట్టని చొక్కాలు. బడివాళ్ళు వేరే దర్జీని చూసుకుంటామని అప్పటికే కబురుపెట్టారు. ఆ బడి పని మీదే ఆవిడ ఏడాదంతా నెట్టుకొస్తుంది. అంత జరిగినా, పొరపాటు నాదేనేమో మాస్టారూ, నాలుగో పాఠం ఎక్కడుందో నాకు వెతకడం రాలేదేమో అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. నాలుగు తిట్టినా బాగుండేది.

అక్కడే కూర్చుని బిగించి ఇచ్చాం. మీ అక్క బడికి వెళ్ళి హెడ్మాస్టరును బతిమాలితే సగం పని నిలిచింది. మిగతా సగం పోయింది, నీ పుణ్యమా అని.

ఇది ఒక్క ఇంటి సంగతి. సోఫా కవర్ల పెద్దాయన కూడా విప్పుకుని కూర్చున్నాడు. సంచులు కుట్టే అక్కచెల్లెళ్ళు పోటీపడి రెండు మిషన్లూ ఒకేసారి విప్పారు, సామాను కలిసిపోయింది. ఇంకా ఎన్ని ఇళ్ళలో ఎన్ని మిషన్లు పేగులు బయటపెట్టుకుని ఉన్నాయో తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. విప్పడం నేర్పి బిగించడం త్వరలో అనడానికి నీకు చేతులెలా వచ్చాయి? నీ కడుపు కోసిన డాక్టరు కుట్లు త్వరలో వేస్తానని వెళ్ళిపోతే ఊరుకుంటావా?

ఈ ఉత్తరం అందగానే అందరికీ మెసేజ్ పెట్టు. ఎవరూ ఏదీ విప్పొద్దని, విప్పినవాళ్ళ ఇంటికి మేమే వచ్చి బిగిస్తామని. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్ళకి మారుమాట లేకుండా ఇచ్చెయ్. కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపు. త్వరలో అన్న మాట ఆ పేజీలో మళ్ళీ కనబడిందా, మీ అక్క మొహం చూసైనా ఊరుకోను, సరాసరి వచ్చి చెల్లెమ్మ ముందే నీ వీపు విమానం మోత మోగిస్తాను.

ఇట్లు,
కోపం ఇంకా దిగని
మీ బావ

తా.క.: పై ఉత్తరం మీ అక్కకి చదవమని ఇచ్చాను. చదివి, ఇందులో అబద్ధం లేదుగానీ నిజం కూడా లేదంది. అది రాస్తేనే పోస్టులో వేస్తానని పట్టుబట్టింది. సరే, రాస్తున్నాను.

నాలుగో పాఠమూ, దాని వెనక మిగతావీ ఆగింది నీ వల్ల కాదు. నువ్వు ఐదుసార్లు కెమెరా మోసుకొచ్చావు. వెలుతురు బాగాలేదనో, నడుం పట్టేసిందనో ఐదుసార్లూ నేనే తిప్పి పంపాను. చప్పుడు విని జబ్బు చెప్పడం, అదీ ఆ పాఠం. న్యాయంగా అది మొదటి పాఠం కావాలి, వినకుండా మిషన్ విప్పకూడదు. దాన్ని నాలుగోదాకా నెట్టింది నేను. నాకు ఆ చప్పుళ్ళు వినబడవురా. మూడేళ్ళయింది. మనిషి ఎదురుగా ఉండి మాట్లాడితే అందుతుంది, మిషన్ లోపలి సన్న చప్పుడు అందదు. సంచి మోయడానికి వెంట వస్తుందని అందరూ అనుకునే మీ అక్కే వింటుంది. నా వెనక నిలబడి వేలితో వీపు మీద తడుతుంది. ఒకటయితే సూది, రెండయితే షటిల్, మూడయితే బెల్టు. నేను గొప్పగా తలాడించి విప్పుతాను. కెమెరా ముందు ఆ నాటకం ఎలా ఆడను?

పిన్నిగారి మిషన్ బిగించి తొక్కించాక మీ అక్క ఒక్కసారే తట్టింది. సూది వంగింది, అంతే. విప్పే పనే లేదు. వినడం నేర్పి ఉంటే ఆవిడే సూది మార్చుకుని ఆ పూటే కుట్టుకునేది.

అడక్కుండా అమ్మినందుకు నీ మీద కోపం అలాగే ఉంది, పోలేదు. కానీ వచ్చే ఆదివారం కెమెరా తీసుకురా. నాలుగో పాఠం మీ అక్క చెబుతుంది. దానికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ముందు నేను పిన్నిగారికి నా చెవుల సంగతి చెప్పి రావాలట. ఇదిగో చెప్పులేసుకుంటున్నాను. తోడు రమ్మంటే రానంది. పిన్నిగారు ఏమంటారో మీ చెవులతోనే విని రండి, ఈసారి నేను తట్టి చెప్పను అంది.