మా ఆవిడ వేలితో తెరుచుకునే నా ఫోను

బుర్ర సరిగ్గా పనిచేస్తుండగానే, ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండానే, వచ్చే వారం గుండె ఆపరేషన్‌కి వెళ్తున్న టైల్స్ మేస్త్రినైన నేను ఈ వీలునామా రాస్తున్నాను. సైట్లలో నన్ను కోతి మేస్త్రి అంటారు. ఆ పేరుతో పిలిచినా ఇది చెల్లుతుంది. ఇది మాత్రం తమాషాకి కాదు. నవ్వించీ నవ్వించీ అలసిపోయాను.

1. ఇల్లు, స్కూటరు, బ్యాంకులో ఉన్నది మా ఆవిడవి. పేచీ పెట్టుకునేంత ఏమీ లేదు.

2. నేను పరిచిన నేల పగలగొట్టి పైపు వేసిన ప్లంబరుకి నా రబ్బరు సుత్తి. దాంతో ఏదీ పగలదు, అందుకే ఇస్తున్నాను.

3. ఇక ఫోను. నా వేళ్ల మీద గీతల్ని సిమెంటు ఎప్పుడో తినేసింది. ఫోను కొన్న రోజు ఎన్ని వేళ్లు పెట్టినా అది నన్ను మనిషిగా ఒప్పుకోలేదు. షాపాయన విసిగిపోయి పక్కనున్న మా ఆవిడ వేలు పెట్టించాడు. అప్పట్నుంచి అది ఆవిడ వేలితోనే తెరుచుకుంటుంది. లాక్ తీసే నంబరు కూడా ఆవిడకే గుర్తు. పొద్దున్నే తడిచెయ్యి తుడుచుకుని వచ్చి వేలు పెడుతుంది, "తీసుకో, నీ కొట్టు తెరిచాను" అని నా చేతికిచ్చి వెళ్లిపోతుంది. మధ్యలో లాక్ పడిందంటే సాయంత్రం దాకా నా జేబులో ఇటుకే. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారీ లోపలికి తొంగిచూడలేదు.

4. ఇది అమలు చేయాల్సింది నా స్నేహితుడు ఎలక్ట్రీషియన్. ఆరో అంశం అయ్యాకే వాడు ఫోను ముట్టుకోవాలి. అందులో నేను పనిచేసిన ఇళ్ల ఫోటోలున్నాయి. ఎవరి బీరువా ఎక్కడుందో, ఏ కిటికీకి గడియ లేదో అన్నీ కనిపిస్తాయి. నమ్మి పడగ్గది దాకా రానిచ్చారు వాళ్లు. ఆ ఫోటోలన్నీ తీసేయాలి. బ్యాంకు పని పూర్తయ్యాక సిమ్ము మూయించి, ఫోను మొత్తం ఖాళీ చేయాలి.

5. ఖాళీ చేసిన ఫోను, ఛార్జరు మా బావమరిదికి. నేను నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టిన మహానుభావుడు. ఊరూపేరూ లేని లింకు కనిపిస్తే నొక్కందే ఉండలేడు. ఖాళీ కాకముందు వాడి చెయ్యి దాని మీద పడకూడదు. వాడు మంచిగానే వస్తాడు. "అక్కా, బావ ఫోటోలు చూద్దాం, ఒక్కసారి వేలు పెట్టవే" అంటాడు. ఏడుపులో ఉన్న మనిషి పెట్టేస్తుంది. నా భయమంతా అదే.

6. ఎందుకంటే అందులో మా అమ్మాయి గొంతు ఉంది. ఒక ఏడాది అది చాలా బాధ పడింది. ఏం బాధో ఇక్కడ రాయను. ప్రేమా దోమా అని ఎవరూ ఊహలకి పోవద్దు. హాస్టల్లోంచి నాకు వాయిస్ మెసేజులు పెట్టేది. ప్రతిదీ ఒకేలా మొదలయ్యేది: "నాన్నా, నవ్వకుండా విను. అమ్మకి చెప్పకు." చెరిపేయొచ్చు కదరా అన్నాడు ఎలక్ట్రీషియన్. రెండుసార్లు కూర్చున్నాను, చేతులు రాలేదు. కాబట్టి ఫోను ముందు అమ్మాయి చేతికి వెళ్లాలి. వాళ్లమ్మ వేలు పెట్టి తెరిచి ఇచ్చి, గది బయటికి వచ్చి తలుపు వేయాలి. ఉంచుకుంటుందో చెరిపేస్తుందో దాని ఇష్టం.

7. మా ఆవిడకి ఒక మాట. నీ దగ్గర దాచానని కోపం తెచ్చుకోకు. దాని రహస్యం అది, నాది కాదు. నేను మంచి తండ్రినని అది నాకు చెప్పుకోలేదే. ఎదురుగా కూర్చుంటే రెండో మాటకే నేను ఏదో జోకు వేసి పాడుచేసేవాణ్ని. ఫోనులో దాని మాటకి అడ్డు తగల్లేను, చివరిదాకా వినాల్సిందే. అమ్మాయి తలుపు తీసుకుని వచ్చి నీ పక్కన కూర్చుంటే ఏమీ అడక్కు. కూర్చోనీ. అది నోరు విప్పితే మాత్రం, అయిపోయేదాకా నువ్వు మాట్లాడకు.

మార్చి పద్నాలుగు, శనివారం
సంతకం: టైల్స్ మేస్త్రి

సాక్షులు:
పెయింటరు (చదివించుకుని విన్నాడు)
హార్డ్‌వేర్ షాపు యజమాని