ఊడ్చుకుంటూ వెళ్ళిన ఊరేగింపు

అమ్మా,

నేను క్షేమం. తమ్ముడు చిలవలు పలవలు చేసి చెప్పి ఉంటాడు, కంగారుపడకు. వార్డు ఆఫీసుకి పిలిచి కేకలేశారు, అంతే.

పండగ సెలవునాడు మా వీధివాళ్ళం ఏటా తీసే ఊరేగింపుకి ఈసారి అనుమతి లేదన్నారు. వీధి ఊడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా! అందుకే అరవైమందిమి ఎప్పటిలాగే కాగితం కిరీటాలు పెట్టుకుని, వరసకట్టి ఊడ్చుకుంటూ బయల్దేరాం. వెనక బ్యాండు. ఆఫీసరు జీపు దిగి, “ఊడవడానికి బ్యాండెందుకు?” అని ఉరిమాడు. ఇస్త్రీబండి పిన్ని తల కూడా ఎత్తలేదు. “అందరి చెయ్యీ ఒకేసారి పడొద్దా? కాస్త ఆ కాళ్ళు తియ్యండి బాబూ, కింద చెత్తుంది” అంది, అచ్చం నువ్వు నాన్నని అన్నట్టే. ఆయన ఠక్కున కాళ్ళు తీశాడు! మంచం దిగలేని మా ఎదురింటి మామ్మ కిటికీలోంచి ఒకటే చప్పట్లు.

నా చీపురు ఊడిపోయింది. నువ్వు కట్టినవి రెండు తమ్ముడితో పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? వంటింట్లో కుళాయి కారడం ఆగిందా?

ఇదంతా నడిపించింది నేనేనట, సోమవారంలోగా క్షమాపణ రాసివ్వాలట. లేకపోతే మేం పెద్దవాళ్ళకి ఉచితంగా మందులిచ్చే గదికి తాళం వేస్తారట. వేసుకోమను. మా ఇంటి మెట్లమీద కూర్చుని ఇస్తాం.

నాన్నకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. క్షమాపణ రాద్దామని కాగితం కోసం ఇల్లంతా వెతికితే ఈ కార్డొక్కటే దొరికింది. ఇదేమో నీకు రాసేశాను.

నీ పెద్దకూతురు