కడపకు తడి పసుపు

కోరుట్ల, శుక్రవారం రాత్రి

ఏడాదిగా ఖాళీగున్నదని బ్రోకర్ చెప్పిన ఇంటి కడపకు ఇయ్యాల తడి ఆరని పసుపు ఉన్నది.

"గిదేంది?" అని అడిగిన.

బ్రోకర్ నవ్విండు. "నీకన్నీ అనుమానాలే అక్కా. ఇంకో పార్టీ బయట కారులనే ఉన్నది. జల్ది బయానా పైసలియ్యి."

వెనుక అర్రల ఒకామె బీడీలు చుడుతున్నది. "అమ్మేది మా బావ. మా ఆయన మస్కట్ నుంచి వచ్చేదాక ఉండనియ్యక్కా" అన్నది.

అప్పటికే బ్రోకర్ దుబాయిల ఉన్న మా తమ్మునికి వీడియో కాల్‌ల గోడలు చూపిస్తున్నడు. ఆమెను చూపియ్యలే.

"ఖాయం చెయ్యక్కా" అన్నడు తమ్ముడు. ఇల్లు కొన్నంకనే వాపస్ వస్తనన్నోడు వాడు.

ఇంటికొచ్చి అంజన్న పటం ముందట దీపం పెట్టిన. తమ్ముడు రావాలని మొక్కితే ఆమెను వెళ్లగొట్టుమని మొక్కినట్టే. చేతులు జోడించి, ఏమీ అడగక కూసున్న.