మీరు చూపించిన వాలు

సత్తిబాబుగారూ,

మీరు పోయి ఏడాదైంది. నిన్నటి వానకి తుని దగ్గర మీ జీడితోటలో ఎర్రమట్టి కోసుకుపోయింది.

వాననీటి పారుదల లెక్కగట్టడానికి నేనొచ్చినప్పుడు, మీరు చెంబుడు నీళ్లు నేలమీద పోసి, "వాలు ఇటండి బాబూ, చూడండి" అన్నారు. మొగల్తూరు చదును నేలలో పెరిగినవాణ్ణి, నవ్వేసి ఊరుకున్నాను. శాటిలైట్ మ్యాప్‌లో వాలు ఇంకోవైపు కనిపించింది. కంప్యూటర్‌కి అదే ఇచ్చి, అది చెప్పినచోటే గట్టు వేయించాను. నీళ్లు మాత్రం మీరు చూపించిన వైపే పోయాయి.

ఇవాళ మీ ఆవిడ అదే చెంబుతో మంచినీళ్లిచ్చి అడిగారు: "గట్టు మా ఆయన చెప్పినచోటే వేశారు కదండీ?"

"అవునండి" అన్నాను.

"అయితే ఆయనే తప్పు చెప్పుంటారండి."

నేను కాదనలేదు, సత్తిబాబుగారూ.