పొడుగమ్మాయి ఆఖరి మ్యాచ్

నాన్నా,

నీ అభిమాన ప్లేయర్, అదే నీ పొడుగమ్మాయి, ఇవాళ బాస్కెట్‌బాల్‌కి వీడ్కోలు చెప్పింది. నువ్వు పోయాక నేను చూసిన మొదటి మ్యాచ్ ఇదే. పక్కింటి సునీత ఆంటీని తోడు తీసుకుని మనుండే గంగాలిన్ నుంచి ఆట జరిగే హాలుకి ట్రామ్‌లో వెళ్లాను.

నీ మోకాలికి ఆపరేషన్ జరిగిన నెలలోనే పొడుగమ్మాయి మోకాలికీ జరిగింది. "ఆ పిల్ల మళ్లీ పరిగెడుతుంటే నేను మెట్లెక్కలేనా?" అంటూ ఫిజియో చెప్పినదానికంటే ఎక్కువే చేసేవాడివి.

నేను యూనివర్సిటీలో ఉన్నప్పటినుంచీ దేశం తరఫున ఆడిన స్టార్, ఈ సీజనంతా దాదాపు బెంచీ మీదే గడిపింది. ఇవాళ కూడా ఆటలోకి దింపరేమోనని నేను కూర్చోలేకపోయాను.

"కూర్చోవే తల్లీ, వెనకాల వాళ్లు తిట్టుకుంటున్నారు," అంది ఆంటీ.

"వాళ్లనీ నిలబడమనండి ఆంటీ. ఆ కోచ్‌కి అసలు హార్ట్ ఉందా?"

"అయితే నువ్వెళ్లి కోచింగ్ చెయ్. ఎలాగూ ఏడాదికో జాబ్ మారుస్తావుగా!"

చివరి రెండు నిమిషాలకి కోచ్ ఆమెని దింపాడు. హాలంతా లేచింది, ఆంటీతో సహా. పొడుగమ్మాయి ఒక్కటే షాట్ వేసింది. బంతి రింగుకి తగిలి బయట పడింది. అందరికంటే ముందు ఆమే పగలబడి నవ్వింది. మన జట్టు ఎలాగూ గెలిచిందిలే.

నువ్వుంటే స్కోరు తర్వాత, ముందు మోకాలి సంగతి అడుగుతావు. అందుకే జనం వెళ్లేదాకా ఆగి చూశాను. తన కూతుర్ని చంకనెత్తుకుని, రెండో చేతిలో పూలగుత్తితో, రెయిలింగ్ ముట్టుకోకుండా గ్యాలరీ మెట్లు పైదాకా ఎక్కింది నాన్నా.