బోర్లించిన చిక్కుడు కుండ

మెక్సికో నగరం,
మంగళవారం.

మ్యూజియం సంచాలకురాలు దోన్యా రెమెదియోస్ గారికి,

ఆదివారం మన గులాబీ గోడల ఇంట్లో జరిగిన గొడవ గురించి కాపలాదారు ఫిదెన్సియో మీకు చెప్పే ఉంటాడు. అతనికి తెలియనిది ఒకటుంది. రెండు రోజులుగా అది నన్ను కూర్చోనివ్వడం లేదు.

నేను సందర్శకులకు వంటిల్లు చూపిస్తూ, "వాస్తుశిల్పి బతికున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాం" అంటున్నాను. ఇంతలో ఒక ముసలావిడ అడ్డంగా కట్టిన తాడు దాటి వెళ్లి, అక్కడున్న మట్టికుండను బోర్లించింది.

"చెయ్యి తియ్ ముసలమ్మా! ఇదేమన్నా నీ వంటిల్లా?" అని ఫిదెన్సియో అరిచాడు.

"నాదే నాయనా! ఇరవై ఆరేళ్లు ఇందులోనే చిక్కుడు గింజలు ఉడకబెట్టాను. కుండనిలా వెల్లకిలా పెడితే సాలీళ్లు కాపురం పెట్టవూ?"

అందరూ నవ్వారు. ఈమె నీకు తెలుసా అని అతను నన్నడిగాడు. తెలియదన్నాను.

ఆమె నా వంక చూసి, అతనితో "చదువుకున్న పిల్ల, నేనెలా తెలుస్తానయ్యా?" అని వెళ్లిపోయింది.

ఆమె మా అమ్మమ్మ యూఫ్రోసినా. ఈ వంటింటి కష్టంతోనే నన్ను చదివించింది. దరఖాస్తులో మాత్రం ఈ ఇంటితో మాకు ఏ సంబంధమూ లేదని రాశాను. వంటమనిషి మనవరాలినని తెలిస్తే చీపురు చేతికిస్తారని భయపడ్డాను.

నన్ను తీసేసినా సరే, శనివారం ఆమెను వీధి తలుపు గుండా తీసుకొచ్చి, మా అమ్మమ్మ అని ఫిదెన్సియోకు చెబుతాను. ఆమె రానంటోంది. "నా వల్ల నీ ఉద్యోగం పోతుందే పిచ్చిపిల్లా, మీ పైవాళ్లకు తెలియనీకు" అంటోంది.

అందుకే ముందుగా మీకే చెప్పేశాను.

విధేయురాలు,
మీ ఆదివారపు గైడు