పైడమ్మ పప్పుజావ

మేరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న చర్చిలో ప్రార్థన కాగానే, నువ్వు నర్సుగా తిరిగిన కోటబొమ్మాళి పక్క ఊరికి వెళ్లాను. ఎదగని పిల్లలకు పప్పు, మునగాకు వేసి జావ కాచిపెట్టమని నువ్వు తల్లులకు చెబుతుంటే, "మా మనవరాలికి అరగదు, పో!" అని చేట విసిరిన పైడమ్మ గుర్తుందా? ఆ పిల్ల మూడేళ్లొచ్చినా ఏడాది పిల్లలా ఉండేది. నువ్వు కోపగించుకోకుండా మళ్లీ మళ్లీ వెళ్లి, ముసలమ్మ చేతే జావ కాయించి, ఆమె చేతే తినిపించావు.

ఈరోజు మహిళామండలి పాకలో పొయ్యి ముందు కూర్చున్నది పైడమ్మే. చుట్టూ చంటిపిల్లల తల్లులు.

"ఒసే, ఒట్టి గంజి పోస్తే పిల్ల ఎలగ ఎదుగుతాది? పప్పు మెత్తగా ఉడకనీ!" అని ఒకమ్మాయిని గదమాయిస్తోంది. మనవరాలు బడి నుంచి పరుగున వచ్చి ఆమె పక్కనే గిన్నె పట్టుకుని కూర్చుంది.

"ఇదంతా నీకెవలు నేర్పినారత్తా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"నేర్పడమేటి? నర్సమ్మా నేనూ కలిసి కనిపెట్టినాం" అంది పైడమ్మ, నా కళ్లలోకి చూస్తూనే.

నేను కాదనలేదు. నువ్వున్నా కాదనేదానివి కాదు.

నీ
దానియేలు